వాళ్ళకేం లోటు

జూన్ 4
అమ్మాయికి సీటొచ్చింది. పశువైద్య కళాశాలలో, మొదటి జాబితాలోనే. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంటే ఫోన్ చేసి, "నాన్నా, వచ్చింది" అంది. అంతే. ఇంకో పిల్లయితే చెవులు చిల్లులు పడేలా అరిచేది. దీనికి మాటలు పొదుపు. ఎవరి పోలికో తెలీదు. నా పోలిక మాత్రం కాదని వాళ్ళమ్మ రోజూ అంటుంది.

జూన్ 5
ఫీజు ఎంతో చూశాం. మా ఆవిడ ఆ కాగితం మడిచి పంచదార డబ్బా కింద పెట్టింది.
"కింద పెడితే తగ్గుతుందా?" అన్నాను.
"పైన పెడితే తగ్గుతుందా?" అంది.

జూన్ 9
ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయానికి దరఖాస్తు పెట్టాలని తల్లీ కూతుళ్ళు తేల్చేశారు. నేను వద్దనలేదు. కానీ ఒక సంగతి ఇక్కడ స్పష్టంగా రాసుకోవాలి. చదువు హక్కు. హక్కుని దరఖాస్తు పెట్టుకుని అడుక్కోవడమేంటి? గాలి పీల్చడానికి దరఖాస్తు పెడుతున్నామా? రోడ్డు మీద నడవడానికి పెడుతున్నామా? ఇవ్వాల్సినవాడు కుర్చీలో కూర్చుంటాడు, పుచ్చుకోవాల్సినవాడు వరసలో నిలబడతాడు. ఈ ఏర్పాటు ఎవరు చేశారు?

ఇదంతా అన్నం తింటూ చెప్పాను. "గాలికి ఫీజు లేదు. పిల్ల కాలేజీకుంది" అంది మా ఆవిడ. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో ఏళ్ళ తరబడి కూర్చుంటోంది. నోరు తెరిచినవాళ్ళని చూసి జడిసే మనిషి కాదు.

సరే, పెడదాం. కానీ నాకు ముఖ్యం డబ్బు కాదు. సూత్రం.

జూన్ 12
నెట్ సెంటర్‌కి వెళ్ళాం. దరఖాస్తులో "సాయం ఎందుకు అవసరం?" అని ఒక ప్రశ్న, దాని కింద చిన్న పెట్టె. ఆ ప్రశ్నకి నేను ముందే నాలుగు పేజీల జవాబు రాసి తీసుకెళ్ళాను. నెట్ సెంటర్ పిల్ల ఆ పేజీల వైపు, నా వైపు చూసి, "ఇందులో ఇంత పట్టదు సార్" అంది.
"ఎంత పడుతుంది?"
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించింది. ఒక జాతి విద్యావిధానాన్ని ఆ సందులో ఇరికించాలట.

మొదటి పేజీ నుంచి కొట్టమన్నాను. "విద్య భిక్ష కాదు, హక్కు. మేము ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడి" దగ్గర పెట్టె నిండిపోయింది. "బతకడం లేదు" అన్నది బయటే ఉండిపోయింది.
"ఇదంతా తీసేసి 'ఆదాయం చాలదు' అని పెట్టనా సార్? రెండే ముక్కలు."
వద్దన్నాను. ఆగిపోయిన వాక్యంలో కూడా ఒక ఆగ్రహం ఉంటుంది.
మా అమ్మాయి నన్నోసారి చూసి, తనే చెయ్యి చాపి 'పంపు' మీట నొక్కేసింది.

జూన్ 15
టైలర్ నాకు చొక్కా కుట్టి తెచ్చాడు. మా పక్క వాటా. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "మీరు లేకపోతే నాకా మిషన్లు వచ్చేవా సార్?" అంటాడు.

అదీ నిజమే. పోయినేడు రెండు కొత్త మిషన్లకి లోను పెట్టుకున్నాడు. బ్యాంకు మనిషి వీధిలో వాకబు చేస్తే ఎదురింటి పిన్నిగారు జాలిపడి, "పాపం, అతనికి పూట గడవడమే కష్టం నాయనా" అంది. ఆవిడ ఉద్దేశం మంచిదే. లోను మాత్రం పోయింది. ఆ సాయంత్రం వీధి వీధినంతా మా మెట్ల మీద కూర్చోబెట్టి ఉతికి ఆరేశాను. పక్కవాడి లేమిని తీసుకెళ్ళి బయటివాడి చేతిలో పెట్టడం కంటే ద్రోహం లేదన్నాను. ఇకమీదట ఎవడొచ్చి ఎవరి గురించి అడిగినా అందరి నోటా ఒకటే మాట రావాలి: "వాళ్ళకేం లోటు?"

టైలర్ మళ్ళీ పెట్టాడు. బ్యాంకు ఇంకో మనిషిని పంపింది. వీధి ఒకటే మాట చెప్పింది. లోనొచ్చింది. ఇన్నేళ్ళుగా నా వ్యాసాల వల్ల ప్రపంచంలో ఏదైనా కదిలిందంటే అదొక్కటే. అదీ రాసింది కాదు, అరిచింది.

చొక్కా బాగుంది. మెడ దగ్గర కాస్త బిగుతు.

జూన్ 17
నీళ్ళు రాలేదు.

జూన్ 18
వచ్చాయి. బకెట్ నిండేలోపే పోయాయి. నీటి సరఫరా రాజకీయాల మీద వ్యాసం మొదలుపెట్టాను.

జూన్ 20
బావమరిది వచ్చాడు. వాడు పాత కార్లు కొని అమ్ముతాడు. వాడుండే సందులో కారు పట్టదు గనక మా ఇంటి ముందు పెడతాడు. ఒకటి అమ్ముడవగానే ఇంకోటి తెస్తాడు. పోయిన వారం ఎర్రది, ఈ వారం తెల్లది.
"బావా, ఎండకి రంగు పోతోంది. పాత దుప్పటేదైనా ఉంటే కాస్త కప్పుతావా?"
పెట్టుబడికి దుప్పటి కప్పే బాధ్యత నాది కాదన్నాను.
"సర్లే, అక్కనడుగుతా."
కప్పింది. నా దుప్పటే.

జూన్ 24
దరఖాస్తు మీద ఎంక్వైరీకి ఒకాయన వచ్చాడు. సన్నగా, చెమటలు కక్కుతూ, చంకలో సంచి. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ప్రెస్సులో పని తగ్గి వారానికి రెండ్రోజులు రావద్దంటున్నారు. తాత్కాలికం.

కొత్త చొక్కా వేసుకున్నాను. ఎందుకు వేసుకోకూడదు? చిరుగుల్లో కనబడితేనే పేదవాడని నమ్మే సమాజం మీద నాకు గౌరవం లేదు.

మంచినీళ్ళడిగాడు. కుళాయిలో చుక్క లేదు. "ఒక్క నిమిషం" అని పెరటి గుమ్మంలోంచి వెళ్ళి కొట్లో చల్లటి సీసా కొనుక్కొచ్చాను. గటగటా తాగాడు.
"ఆదాయం సరిపోతోందాండీ?"
ఎవరి ఆదాయం ఎవరికి సరిపోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న దగ్గర మొదలుపెట్టి, సంపద పంపిణీ మీదుగా, వేతనాల దోపిడీ దాకా తీసుకెళ్ళాను. మధ్యలో ఏదో అడగబోయాడు గానీ అది అప్రస్తుతం. పుస్తకాల గోడ చూసి, "ఇవన్నీ ఎంత ఉంటాయండీ?" అన్నాడు.
"వీటికి వెల కట్టలేం" అన్నాను.
రాసుకున్నాడు. చదువు విలువ తెలిసిన మనిషి. వెళ్ళేటప్పుడు మొహం కాస్త దిగాలుగా కనబడింది. నా మాటలు లోపలికి దిగినట్టున్నాయి.

జూన్ 25
"మనకి జరగట్లేదని చెప్పారా?" అని మా ఆవిడ.
"మొత్తం పరిస్థితి వివరించాను."
"అది చెప్పారా?"
"అందులో ఇమిడి ఉంది" అన్నాను.
గిన్నెల చప్పుడు ఎక్కువైంది.

జులై 3
నీళ్ళు రాలేదు.

జులై 8
తిరస్కరించారు.

వాళ్ళ కాగితాన్ని ఇక్కడ దించుకుంటున్నాను, భావి తరాల కోసం. "కుటుంబం వారానికొక కారు మార్చుచున్నది. త్రాగుటకు సీసా నీరు వాడుచున్నారు. గృహమున వెల కట్టలేని గ్రంథాలయము కలదు. కుటుంబ పెద్ద నాణ్యమైన దుస్తులు ధరించి యుండిరి. ఆర్థికముగా ఎట్టి ఇబ్బందియు లేదని ఇరుగుపొరుగువారు ఏకకంఠముతో తెలిపిరి. కావున సాయమునకు అనర్హులు."

ఏకకంఠమట! అబద్ధానికైనా ఒక హద్దుండాలి. ఎవరి గుమ్మమూ తొక్కకుండా చెట్టు నీడన కూర్చుని రాసేశాడు. నా నీళ్ళు తాగి!

అమ్మాయి కాగితం చదివి, "అప్పీలుకి గడువుందేమో చూస్తా" అని లోపలికెళ్ళింది. ఏడిస్తే బాగుండేది. ఓదార్చడానికి నా దగ్గర చాలా ఉంది.

జులై 9
ఆ సంచి మనిషి మీద వ్యాసం రాశాను. ఈ మధ్య కాలంలో నేను రాసినవాటిలో ఇదే పదునైంది. ఆనందం పట్టలేక టైలర్‌కి చదివి వినిపించాను. సగంలో మిషను ఆపేశాడు.
"సార్, ఆయన... సన్నగా ఉంటాడా? చంకలో సంచి?"
"వాడే. ఒక్కణ్ణి కూడా అడక్కుండా..."
"అడిగాడు సార్. ముందు నన్నే అడిగాడు."
"ఏం చెప్పావు?"
"ఏం చెబుతా? మీరు చెప్పమన్నదే. సార్‌కేం లోటండీ, పెద్ద రచయిత, పుస్తకాల మీదే బోలెడొస్తుంది, అన్నా."
"పుస్తకాల మీదా!" నా మూడు పుస్తకాలూ మంచం కిందే ఉన్నాయి, కట్టలు విప్పకుండా.
"బ్యాంకువాడనుకున్నా సార్. మీరెక్కడో ఇల్లు కొంటున్నారేమోనని కాస్త గట్టిగానే చెప్పా."

ఎదురింటి గేటు కిర్రుమంది. "నేనూ చెప్పా నాయనా" అంది పిన్నిగారు. "కారు చూపించా. ఇదేం చూశావు, వారానికోటి మారుస్తారూ అన్నా. పోయినసారి టైలరు సంగతిలో నోరు జారానని కోప్పడ్డావుగా. ఈసారి ఒక్క ముక్క జారలేదు."

మొహం వెలిగిపోతోంది ఆవిడకి.
వ్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాను.

జులై 10
ఐకమత్యంలో తప్పు లేదు. దాన్ని అమలు చేసిన తీరులో... దీని గురించి తీరిగ్గా రాయాలి.

జులై 11
బజార్లో ఫోన్ల కొట్టు ముందు నుంచి వస్తున్నాను. కౌంటర్ వెనక ఆకుపచ్చ టీషర్టు వేసుకున్న పిల్ల ఒక పెద్దాయనకి చార్జర్ ఎలా గుచ్చాలో చూపిస్తోంది. చూస్తే మా అమ్మాయి. నన్ను చూసి చెయ్యూపింది. సెలవులు కదా నాన్నా, కాలక్షేపం, అంది.
మంచిదే. శ్రమ విలువ తెలుస్తుంది.

జులై 12
కాలక్షేపం కాదట. ఫీజు కట్టడానికి ఈ నెలాఖరే గడువు. కట్టకపోతే సీటు జాబితాలో తర్వాతివాళ్ళకి పోతుంది. పోతే ఏడాదంతా అక్కడే చేస్తానని కొట్టాయనకి మాటిచ్చిందట. మా ఆవిడ చెప్పింది.
"నాకెందుకు చెప్పలేదు?"
"చెప్పాలనే వచ్చింది. మీరు మాట్లాడుతున్నారు."

జులై 13
ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జులై 14
అప్పీలు పెట్టాం. ఇరవై రెండున రమ్మన్నారు. కారు తనదని రాసిస్తానని బావమరిది ఎగురుకుంటూ వచ్చాడు.
"దాని కాగితాలు పట్రా" అన్నాను.
"అదే బావా... దీనికి కాగితాలింకా రాలేదు."
"దేనికున్నాయి మరి?"
"ఎర్రదానికి."
"అదెక్కడ?"
"అమ్మేశా."

జులై 16
అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.
"నేనే ఆఫీసర్ని. సాయం ఎందుకు కావాలి? ఒక్క ముక్కలో చెప్పు."
"ప్రస్తుత ఆర్థిక విధానాల కారణంగా..."
"ఊహూ. 'మా దగ్గర డబ్బు లేదు.' అను."
"సందర్భం చెప్పకుండా ఉట్టినే అంటే..."
"అను నాన్నా."
"మా దగ్గర... చూడమ్మా, సమస్య మన ఒక్కరిదే అయితే..."
"పోన్లే" అంది. "రేపు ఎద్దుల నోళ్ళు తెరిపించాలి నేను. ఇప్పట్నుంచే అలవాటవుతుంది."
వంటింట్లో వాళ్ళమ్మ నవ్వు.

నవ్వండి. ఆ నాలుగు మాటలూ రానివి కావు. కానీ ఇన్నేళ్ళూ ప్రతి వ్యాసం కిందా "పేదల తరఫున" అని సంతకం పెడుతూ వచ్చాను. తరఫున అంటే పక్కన నిలబడటం అనుకున్నాను. ఇప్పుడు ఎవరో వచ్చి కాస్త జరగండి, మీరుండాల్సింది లోపల, అంటే

నీళ్ళొచ్చాయి. బకెట్లు పెట్టాలి.

జులై 20
వచ్చే నెల నుంచి మూడ్రోజులు రావద్దన్నారు ప్రెస్సువాళ్ళు. ఇదీ తాత్కాలికమే.

జులై 22
పాత చొక్కా తొడుక్కోబోతుంటే అమ్మాయి కొత్తది చేతికిచ్చింది. "అబద్ధం ఒక్కటి కూడా వద్దు నాన్నా. చొక్కాతో సహా."

పొడుగాటి గది. చివర బల్ల. బల్ల వెనక ఆఫీసరమ్మ, మెడలో తాడుకి కళ్ళజోడు. పక్కన సంచి మనిషి. మాకంటే ముందే బెంచీ మీద టైలరూ ఎదురింటి పిన్నిగారూ కూర్చుని ఉన్నారు. రమ్మని నేను పిలవలేదు. "మేం చెడగొట్టాం, మేమే బాగుచేస్తాం సార్" అన్నాడు టైలర్.

ముందు పిన్నిగారినే అడిగారు, ఈయన ఇంటి సంగతి మీకు తెలుసా అని.
"ఏం చెప్పమంటావు తల్లీ! ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో. పిల్ల మంచినీళ్ళు తాగి పడుకుంటుంది. అవీ వస్తే!"
"పిన్నిగారూ!" అన్నాను.
"నువ్వూరుకో నాయనా. అభిమానం తల్లీ, బయటికి చెప్పుకోడు."
టైలర్ లేచాడు. "ఆ చొక్కా కూడా నేను దానంగా ఇచ్చిందేనండీ. లోపల బనీను చూస్తే మీకే..."
"బనీను నాదే!" అని అరిచాను. గది గదంతా నా బనీను గురించి ఆలోచించింది.

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసింది. "పోయిన నెల వీళ్ళు మారాజులు. ఇవాళ పస్తులు. ఇందులో ఏది నిజం?"
టైలర్ నిజాయితీగా జవాబు చెప్పాడు: "అది వచ్చినవాళ్ళు ఇవ్వడానికొచ్చారా, తీసుకోడానికొచ్చారా అన్నదాన్నిబట్టి ఉంటుందండీ."
సంచి మనిషికి దగ్గొచ్చింది. అది దగ్గు కాదని ఇప్పుడనిపిస్తోంది.

ఆవిడ నా దరఖాస్తు తీసి పైకి చదివింది. "'మేము ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడి.' ఇక్కడితో అయిపోయింది. తర్వాతేంటి?"
తర్వాత నాలుగు పేజీలు నా జేబులోనే ఉన్నాయి. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. అమ్మాయి కాలు నా కాలి మీద పడింది, మడమతో.

"చూడండి" అంది ఆవిడ. "హక్కన్నారు, కాదనను. కానీ హక్కున్నవాళ్ళందరికీ సరిపడా నా దగ్గర లేదు. లేనివాళ్ళకే ఇవ్వగలను. మీరు లేనివాళ్ళా? సూత్రం కోసం వచ్చారా?"

ఆ మాటకి నా దగ్గర మంచి జవాబుంది. ఇప్పటికీ ఉంది. ఎందుకు సరిపడా లేదు, ఎవరు తినేశారు, అని మొదలవుతుంది. పక్కకి చూశాను. అమ్మాయి నన్ను చూడటం లేదు. ఒళ్ళో పెట్టుకున్న సీటు కాగితం మూల మడతపడితే వేలితో సాపు చేస్తోంది. మళ్ళీ మళ్ళీ.

"సూత్రం కాదండీ" అన్నాను. "డబ్బే. మా దగ్గర డబ్బు లేదు."

అనేశాక మిగతాది ఆగలేదు. "ప్రెస్సులో పని తగ్గిపోయింది. తాత్కాలికం కాదు. ఇద్దరి జీతాలూ కలిపినా ఇంటికే చాలడం లేదు, ఇంక ఫీజు ఎక్కణ్ణుంచి? కారు బావమరిదిది. మీ ఎంక్వైరీ ఆయన వచ్చిన రోజు మా కుళాయిలో నీళ్ళు లేవు. చెప్పడానికి సిగ్గేసి సీసా కొన్నాను. పుస్తకాలు కిలోల లెక్కన తీసుకుంటారట. అడిగాను."

(అడిగిన సంగతి ఇక్కడ రాయలేదు. అడిగింది పదమూడో తారీఖున.)

పిన్నిగారు, "అయ్యో, నిజంగానేనా నాయనా?" అంది. పస్తుల కథంతా చెప్పిన మనిషి!

ఆఫీసరమ్మ ఏదో ఒక వాక్యం రాసుకుంది. "'డబ్బు లేదు' అన్నది ఆ పెట్టెలో పట్టేది కదండీ" అంది. వెక్కిరించినట్టు అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

బస్సులో అమ్మాయి చాలాసేపు కిటికీలోంచి చూసింది.
"కాలు నొప్పిగా ఉందా?"
"లేదు" అన్నాను. తర్వాత, "కొంచెం" అన్నాను.
నా భుజానికి తల ఆనించుకుంది. చొక్కా మెడ దగ్గర ఇంకా బిగుతే. విప్పుకోలేదు, కదిలితే తల తీసేస్తుందని.

జులై 28
మంజూరైంది.

జులై 30
ఫీజు కట్టేశాం. అమ్మాయి ఆకుపచ్చ టీషర్టు ఉతికి, ఇస్త్రీ చేసి, కొట్టాయనకి ఇచ్చేసి వచ్చింది. ఆఫీసరమ్మకి థాంక్స్ చెబుతూ రెండు ముక్కలు రాయమంది మా ఆవిడ. హక్కుకి థాంక్సేంటి అన్నాను. రెండు ముక్కలే రాశాను.

జేబులో నాలుగు పేజీలు అలాగే ఉన్నాయి. వచ్చే నెల పత్రికకిస్తాను. ఒక్క అక్షరం మార్చను. అవన్నీ నిజాలే. కింద సంతకం దగ్గర "తరఫున" ఒక్కటి కొట్టేశాను.

ఆగస్టు 4
పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే ఒక చెంప అయ్యేసరికి నీళ్ళు ఆగిపోయాయి. కిటికీలోంచి చూద్దును గదా, నీటి సరఫరా ఆఫీసు మనిషి ఒకతను, చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు.
"ఈ వీధిలో నీళ్ళు సరిగ్గా వస్తున్నాయాండీ?" అని టైలర్‌ని అడుగుతున్నాడు.
టైలర్ మిషను ఆపి ఛాతీ విరిచాడు. "మాకు నీళ్ళకేం లోటండీ!"
"కుళాయి తిప్పితే వరదే నాయనా!" అని ఎదురింటి గేటులోంచి పిన్నిగారు అందుకుంది.

సబ్బు మొహంతోనే వీధిలోకి పరిగెత్తాను. "లేవు! రావట్లేదు! చూడండి నా మొహం! మాకు నీళ్ళు లేవని రాసుకోండి!"

అతను నా మొహం చూసి రాసుకున్నాడు. టైలర్ నా వంక చూశాడు. పిన్నిగారు టైలర్ వంక చూసింది. చివరింట్లోంచి ఎవరో "మాకూ లేవండీ" అన్నారు. తర్వాత "మాకూ" అని టైలర్. "మాకూ నాయనా, చుక్క లేదు" అని పిన్నిగారు. ఆపైన గుమ్మం గుమ్మం నుంచీ.

ఏకకంఠంతో.